ఖాళీ తెర చూసి స్విచ్చి ఆపిన తమ్ముడికి

తిరుత్తణి,
శనివారం ఉదయం.

చిరంజీవి తమ్ముడు మునిరత్నానికి అన్న చెంగల్రాయుడు దీవించి వ్రాయునది. కోపంతోనే దీవిస్తున్నాను, అయినా దీవెనలో లోటు లేదు. నువ్వు, మరదలు ధనమ్మ, మీ బిడ్డ, పెళ్లికూతురు సుమతి క్షేమమని తలుస్తాను. చిన్నమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? మన ఊరు వెంగల్లో నాట్లు అయ్యాయా? ఇక్కడ నేను, నా బిడ్డ వళ్లి బాగున్నాం. చాలా బాగున్నాం. నా గురించి దిగులు పడవద్దు. నువ్వు దిగులు పడేవాడివే అయితే ఇంత పని చేసేవాడివి కావు.

ఫోన్లో అయితే సగంలోనే "సరి సరిన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. మీ ఇంట్లో తెలుగు చదవడం నీకొక్కడికే వచ్చు, పిల్లల చేతికిచ్చి తప్పించుకోలేవు. కడదాకా చదువు.

ఇక్కడ ఎండ చంపుతోంది. కొండరాళ్లు పగలంతా కాగి చీకటి పడ్డాక కూడా సెగ వదలవు. కొళాయి నీళ్లు ఉప్పు. నాట్ల గురించి మాట్లాడదామంటే వీధిలో ఒక్క మనిషి లేడు, అందరికీ బస్సుల గొడవే, దర్శనం క్యూ గొడవే. వచ్చిన కొత్తలో ఏడుపొచ్చేది. ఇప్పుడు లేదు. అల్లుడు గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఉండి వారానికోసారి వస్తాడు కాబట్టి బిడ్డకు తోడుగా వచ్చాను. వచ్చి ఎంత మంచి పని చేశానో! కూతురింట్లో కూర్చుని తింటున్నాడని అక్కడ అంటున్నారట. తింటున్నాను, పని చేసి తింటున్నాను. వళ్లి ఇంటి ముందరి అంగడిలో పెళ్లిపత్రికలు కంప్యూటరులో కూర్చి అచ్చు వేయిస్తుంది. తమిళం ఆమె చూసుకుంటుంది, తెలుగు భాగం నా చేత చదివించి తప్పులు దిద్దుకుంటుంది. అచ్చయి వచ్చాక నాలుగు మూలలా పసుపు రాసేది నేనే. నా గోళ్లు చూస్తే నన్నే పెళ్లికొడుకు అనుకుంటావు.

ఇప్పుడు ఆ కంప్యూటరు సంగతి విను. నీకు అర్థమయ్యేలాగే చెబుతాను. తెర ఒకటే, కానీ దాని వెనక తెరలు ఇంకా ఉంటాయి. వాటిని డెస్క్‌టాపులంటారు. మన వరి కయ్యలనుకో, మధ్యలో గెనిమ గట్టు. ఒక కయ్య నీళ్లు పక్క కయ్యలోకి పోనట్టే, ఒక పెళ్లివారి పేర్లు, ఫోటోలు, స్వామి బొమ్మలు ఇంకొక పెళ్లివారి దాంట్లోకి పోవు. ఒక దాంట్లో నగరి వాళ్ల పెళ్లి, ఒక దాంట్లో తిరువళ్లూరు నాయుళ్ల పెళ్లి, ఇంకొక దాంట్లో పూండి వాళ్ల చెవులు కుట్టే పత్రిక. ఈ చుట్టుపక్కల ఇంటికొక సుబ్రమణి, ఇంటికొక మురుగేశన్. అన్నీ ఒకే చోట తెరిస్తే ఎవరి మేనమామ ఎవరి పత్రికలో కూర్చుంటాడో ఆ మురుగనికే ఎరుక. రెండు బొత్తాలు ఒత్తిపట్టి బాణం గుర్తు నొక్కితే తెర పక్కకు జారుతుంది. మొదటిసారి నా వేలితో జరిపిన రోజు, తమ్ముడూ, నేను గట్టిగా నవ్వేశాను. బిడ్డ కూడా నవ్వింది.

మొదటి డెస్క్‌టాపును మాత్రం వళ్లి ఖాళీగా ఉంచుతుంది, ఉత్త పూల బొమ్మ. ఎందుకు? తొలి పత్రిక స్వామి పాదాల దగ్గర పెట్టకముందు పరాయి కళ్లు దాన్ని చూడకూడదు. అంగడికి మనిషి రాగానే తెరను ఖాళీ దానికి జరిపేస్తుంది. అది మర్యాద!

ఆ మర్యాదే నీకూ చేసింది. ఆ రోజు స్వామి దర్శనం చేసుకుని కొండ దిగి వచ్చిన నిన్ను చూసి ఎంత పొంగిపోయింది! "రాండి చిన్నాయనా, ఒక మాట చెప్పింటే బస్టాండుకే వచ్చుంటాను గదా" అని తెర జరిపి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నా చేతులనిండా పసుపు.

"ఏన్నా, దీంట్లో ఏమీ లేదే. ఉత్త బొమ్మ ఉండాది" అన్నావు.

"దాన్ని ముట్టుకోవద్దురా."

"నీళ్లు లేని బోరుకు మోటారు ఆడించినట్ల ఉండాదే! కరెంటు ఎవురబ్బ సొమ్మునా?" అని వంగి, బల్ల కింద బ్యాటరీ పెట్టె స్విచ్చి టప్పున ఆపేశావు.

తిరువళ్లూరు పెద్దాయన పొద్దున్నంతా పక్కన కూర్చుని చెప్పిన పేర్లన్నీ పోయాయి. వళ్లి వాటిని ఇంకా కంప్యూటరులో దాచుకోలేదు. కాఫీతో వచ్చి నల్లటి తెర చూసింది. "పర్వాలేదు చిన్నాయనా, తాగండి" అంది. నువ్వు తాగావు. చక్కెర ఎక్కువైందని కూడా అన్నావు!

నువ్వు పోయాక ఆ పెద్దాయనకు ఫోన్ చేసింది. "ఏమ్మా, నేను గొంతెండిపోయేటట్ల చెప్పింది గాలికి పోయిందా?" అని ఆయన కేకలు నాకు గుమ్మం దాకా వినబడ్డాయి. తప్పు నాదేనయ్యా అని మళ్లీ అన్నీ చెప్పించుకుంది. నీ పేరు ఎత్తలేదు.

నువ్వేం చేశావు? నిన్న మరదలు ఫోన్లో ఏడ్చింది. "బావా, మీ తమ్ముడు సుమతి పత్రిక ఊతుకోట ప్రెస్సులో ఇచ్చేసినాడు. వళ్లికి పని రాదంట, దినమంతా బొమ్మ చూసుకుంటా కూసుంటాదంట. నేనెంత చెప్పినా ఇనలే."

నీకు సిగ్గుగా లేదూ? ఊరి వాళ్ల పెళ్లిళ్లన్నీ నా బిడ్డ చేతిమీదుగా పోతుంటే, సొంత చెల్లెలి పత్రిక వేరేవాడు కూర్చాలా? బంధువుల ముందు దాన్ని తల ఎత్తుకోనివ్వవా?

ఇంకా విను. ఈ ఉదయం వళ్లి కొళాయి దగ్గర ఉండగా నేను తెరను అటు చివరికి జరిపాను. పూండి వాళ్ల దాని పక్కన ఇంకొకటి కనిపించింది. సుమతి పెళ్లిపత్రిక! పైన మన నాయన, అమ్మ పేర్లు. ఆహ్వానించేవారి చోట ముందు నాది, పక్కనే నీది.

"ఎప్పుడు చేసినావమ్మా?" అన్నాను.

"ధనమ్మ చిన్నమ్మ దగ్గర పేర్లడిగి చేసినా. చిన్నాయన అడిగితే లేదనకూడదు గదా నాయనా."

నాకు సంతోషంతో కళ్లనీళ్లు, నీ మీద కోపంతో ఒళ్లంతా మంట.

ఊతుకోట వాడికి వద్దని చెప్పు. చెప్పకపోతే వాడు వేసే పత్రికలో నా పేరు వేయవద్దు. పెద్దవాడి పేరు ఏమైందని అడిగిన ప్రతి ఒక్కరికీ నువ్వే జవాబు చెప్పుకో.

చిన్నమ్మకు నా సాష్టాంగ నమస్కారాలు, ఆమె ఆశీర్వాదం నాకూ వళ్లికీ కావాలి. మరదలికి, సుమతికి నా దీవెనలు. వచ్చేటప్పుడు కొత్త చింతపండు తీసుకురా, ఇక్కడిది నల్లగా ఉంది. కోపం వేరు, చింతపండు వేరు.

ముహూర్తం వేళ మాత్రం వళ్లికి తెలియదు. ఆ వరుస రాయకుండా వదిలింది. ఫోన్లో చెబితే ఒప్పుకోను. నువ్వే వచ్చి, దాని పక్కన కూర్చుని, నీ నోటితో చెప్పాలి.

నీ మేలు కోరే, నీ మీద మండిపడుతున్న అన్న,
చెంగల్రాయుడు