మూడోసారి లేచిన తొంభై కిలోలు

తాండూరు
ఆదివారం రాత్రి, 1986

వికారాబాద్‌లో నా మొదటి పవర్‌లిఫ్టింగ్ పోటీ ఈరోజు అయిపోయింది. అమ్మాయిలం ముగ్గురమే, నాది మూడో స్థానం.

చివర్లో డెడ్‌లిఫ్ట్. నేల మీది ఇనుప కడ్డీని తొడలదాకా లేపి నిటారుగా నిలబడాలి. తొంభై కిలోలు రెండుసార్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. మూడోసారీ లేవకపోతే అంతకుముందు ఎత్తినవి కూడా లెక్కలోకి రావు. నేర్పించిన గఫూర్ సార్ తల వంచుకుని నిలబడ్డారు. అప్పుడు గోడ పక్కన కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. ఇరవై ఏళ్లుగా తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ల దగ్గర బండలు మోస్తున్న మనిషి.

"గంత ఆగమెందుకే? చేతులతోని గుంజకు బిడ్డా. మడిమలు నేలకు తన్ని లే."

అలాగే లేచాను, కడ్డీ తొడలదాకా వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అడిగింది, "గంత బరువు లేపి ఏడ పెడ్తరే?"

"ఏడికెల్లి లేపితే ఆడ్నే పెడ్తం."

"మరి లేపుడెందుకు?"

ఆమె మోసిన బండలు ఎవరెవరి ఇళ్లలోనో నేలగా పరుచుకున్నాయి. నేను లేపింది మాత్రం... ఏమో. ఇక నన్ను పోటీలకు పోనివ్వదేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తాండూరు స్టేషన్ దగ్గర పడ్డాక అమ్మే మాట కదిపింది.

"మల్ల ఎప్పుడుంది?"

"వచ్చే నెల, హైదరాబాద్‌ల."

"తారీఖు జర ముందుగాల చెప్పు. సెలవడగాలె."