నేను తిట్టిన మందార రంగు

ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లు స్లైడ్ల మీది కండ ముక్కలకు రంగులద్ది, అందరి చేతా రంగులక్క అనిపించుకున్న నేను, జబ్బు ఒంట్లోనే తప్ప బుర్రలో లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేసి, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా. దీన్ని అమలుచేసే బాధ్యత నా భర్తది.

1. మేముంటున్న రెండు గదుల ఇల్లు, సామానుతో సహా, సర్వహక్కులతో నా భర్తకు చెందాలి. తలుపు గొళ్లెం బాగుచేయిస్తానని పదకొండేళ్లుగా అంటున్నారు. ఆయన మీద వేరే ఫిర్యాదు లేదు. ఈ నెలరోజులుగా నాకు సయిస్తున్నది ఆయన చేతి టీ ఒక్కటే.

2. మందార రంగు పద్ధతి రాసిన నోటుపుస్తకం, పటిక డబ్బా, వడపోత గుడ్డలు నా పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయికి. ఆ రంగు వేస్తే మంచి కండ లేతగా, క్యాన్సరు కండ ముదురు ఊదాగా కనబడాలని నా ఆశ. అమ్మాయీ, రేకులు నానబెట్టు, మరిగించకు. తొందరపడితే రంగు చస్తుంది.

3. నా స్లైడ్ల పెట్టె పెద్ద డాక్టరుగారికి. నా రంగును పూల కషాయమని నలుగురిలో నవ్వింది ఆయనే. నాలుగేళ్ల కిందట నా మెడ గడ్డ తీసినప్పుడు, మామూలు రంగు వేసి చూసి మంచిదేనని సంతకం పెట్టిందీ ఆయనే. ఆ సంతకం నమ్మి నా ముక్కనే మంచి కండకు నమూనాగా పెట్టుకున్నాను. మందార వేసిన ప్రతిసారీ అది ముదురు ఊదాకే తిరిగింది. నా రంగే పనికిరానిదని తిట్టుకుని సీసాలన్నీ తొట్టిలో ఒంపేశాను. ఈ ఏడు గడ్డ మళ్లీ వచ్చింది. పాత ముక్క తిరిగి చూసి, అప్పుడే క్యాన్సరని ఆయనే ఒప్పుకున్నారు. అయ్యా, మీ మీద కోపం పోలేదు. నా మీద నాకున్నంత మాత్రం లేదు.

4. పెట్టెలో ఏడో స్లైడు నా చెల్లెలిది. నా మెడ గడ్డ తీసిన ఏడాదే దాని రొమ్ములో గడ్డ తీసి మంచిదేనన్నారు. అప్పట్లో నా మందారలో అదీ ముదురు ఊదాకే తిరిగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా రంగు అబద్ధమైతే బాగుండునని మొక్కుకుందామంటే, అది నిజమనడానికి సాక్ష్యం నేనే. మళ్లీ పరీక్ష చేయించుకోమంటే, “నీ పూలనీళ్లు చూసి నేను మళ్లీ కోతకెళ్లాలా అక్కా?” అని ఫోన్ పెట్టేసింది. ఇరవై రోజులుగా ఎత్తడం లేదు. వెళ్దామంటే నా కాళ్లు గుమ్మం దాకా రావు. ఈ గదికి కిటికీ కూడా లేదు. నాకు భయంగా ఉంది.

5. అమ్మ గాజుల జత చెల్లెలికి. అవి దానికే రావాలి, నేనే మొండికేసి ఇవ్వలేదు. అయితే వేరే ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్న కాగితం చేతపట్టుకొస్తేనే ఇవ్వాలి. అందులో ఏం రాసి ఉన్నా సరే, ఇవ్వాలి.

6. వీలునామా మనిషి పోయాక చదువుతారు. దీన్ని ఈ ఆదివారమే చదవాలి. గాజుల మాట ఉందని కబురుపెడితే చెల్లెలు రాకమానదు. దాన్ని నా మంచం పక్కన కూర్చోబెట్టి నా భర్త గట్టిగా చదవాలి. నేను బతికుండగానే కాగితం తెస్తే, గాజులు నేనే తొడుగుతాను.

తేదీ: మార్చి 17, మంగళవారం
సంతకం: రంగులక్క
సాక్షులు: ల్యాబు ఊడ్చే పిన్ని, కింది వాటా దర్జీ. ఇద్దరికీ ఇందులో చిల్లిగవ్వ రాదు, అందుకే పిలిపించాను.