చాలా కుట్టింది, ఇంకా కుడుతుంది

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ఫోన్లో అయితే మాట పూర్తికాకముందే వద్దంటావని కార్డు రాస్తున్నాను.

ఫోన్లో చూస్తే పాత కుట్టుమిషన్ల ప్రకటనలన్నీ "కొత్తదానిలా ఉంది" అనేవే. ఒకావిడ మాత్రం "చాలా కుట్టింది, ఇంకా కుడుతుంది" అని పెట్టింది. ఆ మాటకే పడిపోయి నిన్న వెళ్ళాను. ఆవిడ దర్జీ, చూపు ఆనకపోవడంతో అమ్మేస్తోంది. తొక్కి చూడమంది. తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది.

"కుట్టేది నువ్వు కాదు కదమ్మాయ్?"

"మా అక్కండీ."

"అయితే ఆమెనే రమ్మను. కుట్టే చేయి చూడందే మిషనివ్వను. వచ్చే ఆదివారం దాకా ఆగుతా."

అప్పట్నుంచీ ఆ ప్రకటన ఉందా, తీసేసిందా అని పాఠం మధ్యలో కూడా చూస్తున్నాను. నీకు బస్సు పడదని తెలుసు. కానీ నీ మిషను మూలపడ్డాక మనకొచ్చే బట్టలన్నీ పక్కవీధికి పోతున్నాయని అమ్మ చెప్పింది. కిటికీ పక్క సీటు చూసుకుని వచ్చెయ్.

నా దుప్పటి తీసుకురా. అమ్మ కళ్ళజోడు బాగుచేయించారా? నాన్నకు నమస్కారాలు, చంటివాడికి ముద్దులు.

శనివారం సాయంత్రం బస్టాండులో ఉంటాను. నువ్వు రానన్నా ఉంటాను.

నీ చెల్లి