పిట్ట కన్ను మర్చిపోకు

బావా,

అమ్మను కంటి దవాఖానల చూపియ్యడానికి మిర్యాలగూడ పోతున్న. పొద్దుమూకేలోపు వస్త. అన్నం కుక్కర్ల ఉంది, చారు వేడి చేసుకో.

నేరేడుచర్ల మిల్లు బియ్యం బస్తా డిజైన్ ఇయ్యాల పన్నెండింటిలోపు కోదాడ ప్రెస్సుకు పంపాలె. ముందు ఫైలుకు కాపీ తీసిపెట్టు. ఆ కాపీల అక్షరాలన్నీ బొమ్మలయ్యేటట్టు కర్వ్స్‌లోకి మార్చు. మన తెలుగు ఫాంటు వాళ్ల కంప్యూటర్‌ల లేదు, మార్చకుంటే మిల్లు పేరు పిచ్చిగీతలైతది. తర్వాత పిట్ట బొమ్మ, అక్షరాలు అన్నీ కలిపి గ్రూప్ చేసి, అప్పుడు పీడీఎఫ్ తియ్యి.

పోయినసారి తొందరల సెలెక్ట్ అయినకాడికే పంపినవ్. పిట్ట కన్ను మన కంప్యూటర్‌లనే ఉండిపాయె. బస్తాలన్నిటి మీద గుడ్డి పిట్ట. ఈసారి గూడ తప్పైతే పని హాలియాల చేయించుకుంటనని మిల్లు లచ్చయ్య చెప్పే పోయిండు.

ఆయన మొదట "పిట్ట మస్తుందయ్యా" అన్నప్పుడు "మా డిజైనే సార్" అన్నవ్. "దీనికి కన్నేది?" అన్ననాడు "మా ఆమె గీసింది సార్" అన్నవ్. వంటింట్లకు రెండూ వినపడ్డయ్. కోపమేం లేదు, చారుల కారం జర ఎక్కువైంది, అంతే.

నవనీత

అన్నట్టు, పిట్ట రెక్కను బాగా పెద్దగ చేసి చూడు. కింది ఈక ఈక కాదు, నా పేరు. కర్వ్స్ చేసి పెట్టిన. తీసేస్తే రెక్క ఊడుతది, లచ్చయ్య మళ్లీ అడుగుతడు. నీ పేరు గూడ పెట్టిన, తోకల.