రంగు కింద మాటు

అన్నయ్యకి,

నేను క్షేమం, లారీకే ఒంట్లో బాగాలేదు. రేడియేటర్ కారుతోంది. మెకానిక్ ఒక కొట్టుకి తీసుకెళ్ళాడు. వాళ్ళిద్దరి కళ్ళసైగలు చూడగానే నాకు అనుమానం వచ్చింది.

"నిన్ననే వచ్చిన కొత్త సరుకండీ" అని కొట్టువాడు నల్లగా నిగనిగలాడే రేడియేటర్ ఒకటి ముందు పెట్టాడు. వేలు పెడితే రంగు అంటుకుంది. తాళంచెవితో గీకితే, లోపల సీసంతో వేసిన మాటు బయటపడింది. చివర నువ్వు గుర్తుకి పెట్టే రెండు చుక్కలు! మూడేళ్ళ కిందట నువ్వు పాతసామాన్లవాడికి వేసేసిన మన రేడియేటరే అది. అప్పుడు దారిలో నీళ్ళు కారిపోయి లారీ ఆగిపోతే, నీ మాటే ఊడిందనీ, చేతిలో పట్టు పోయిందనీ పనిముట్లు అటకెక్కించావు.

నేనేమీ బయటపడకుండా, దాన్ని తొట్టిలో ముంచి గాలి కొట్టమన్నాను. చుట్టూ బుడగలే. నీ మాటు దగ్గర ఒక్కటీ లేదు.

ఏదీ కొనలేదు. "మీ లారీలో పాతది ఇక్కడే వదిలెయ్యండి" అని మెకానిక్ ఒకటే పోరు. వాడి కన్ను దాని ఇత్తడి మీద ఉంది. దాన్నే బిగించుకుని, ఆగి ఆగి నీళ్ళు పోసుకుంటూ శనివారానికి వస్తాను.

పనిముట్లు దింపించు. పక్కింటాయన అడిగితే ఇవ్వకు, మన సుత్తి ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. వదినకి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

చేతిలో పట్టు పోయిందంటావు చూడు, ఇకమీదట అదీ నేను నమ్మను.

తమ్ముడు