ఎనిమిదో గ్రేడులో పాసైనందుకు

సంగీత పరీక్షల అధికారి గారి సముఖమునకు,

ఆలూరు మండల నివాసి వీరభద్ర భార్య శివకుమారి, వయసు 38, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గాత్రం ఎనిమిదో గ్రేడు ఫలితము రద్దుచేసి నన్ను ఫెయిలు చేయుట గురించి.

1. నేను తొమ్మిది సంవత్సరములుగా కృష్ణవేణమ్మ టీచరు గారి వద్ద గాత్రం నేర్చుకొని, తమరు నిర్వహించు గ్రేడు పరీక్షలు వరుసగా రాసియున్నాను. ఆరో గ్రేడు థియరీలో ఒకసారి ఫెయిలైనందున నాకొక ఏడాది కలిసివచ్చినది.

2. మాది సేద్యం చేసే ఇల్లు. ఊరికే పాడుకుంటే "ఏమే, పని లేదా నీకు?" అంటారు. పరీక్ష అంటే మాత్రం అందరికీ భయభక్తులు. పొద్దున ఒక గంట మా అత్త గిడ్డమ్మ తానే గిన్నెలు తోమి, "కోడలికి పరీక్ష ఉండాది, ఎవురూ పిలవాకండి" అని వాకిట్లో కూర్చుంటుంది. దినంలో నాదనేది ఆ గంటే. అది తమ పరీక్షల వలన వచ్చినదే.

3. ఎనిమిదే ఆఖరి గ్రేడు. కావున బుద్ధిపూర్వకముగా తప్పవలెనని నిశ్చయించుకొని కర్నూలు సెంటరుకు హాజరైతిని. కల్యాణి ఆలాపన చేయమన్నారు. గాంధారం దగ్గర తప్పుదామనుకున్నాను. నోరు తెరిచినాక నా చేత కాలేదయ్యా. అది సరిగ్గా పలకాలని ఏండ్ల తరబడి ఏడ్చినదాన్ని, ఎట్ల చెడగొట్టేది?

4. ఫస్టుక్లాసని ఫోనులో ఫలితము వచ్చినది. ఇంట్లో చెప్పలేదు. ఇంకా రాలేదని అబద్ధమాడి పాడుకుంటున్నాను.

కావున తమరు దయతలచి తొమ్మిదో గ్రేడు ఒకటి ఏర్పాటు చేయించవలెను. అది వీలుకాని పక్షమున నన్ను ఫెయిలు చేసి, ఏటేటా మళ్లీ రాయుటకు అనుమతించవలెను. సర్టిఫికెట్టు మాత్రము ఇంటికి పంపరాదని నా మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
శివకుమారి

మళ్లీ రాస్తున్నది: ఇది పోస్టు చేయకముందే సర్టిఫికెట్టు వచ్చిందయ్యా. మా ఆయన ఎంత సంబరపడినాడో. అద్దం కట్టించి నడింట్లో తగిలించినాడు. చూడవచ్చిన బొజ్జన్న మామ, "ఏదీ, ఒక పాట పాడమ్మా, విందాం" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇంక పాటెందుకు మామా, అన్నీ పాసైపాయె గదా" అన్నాడు మా ఆయన.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

వీళ్లు చెడ్డవాళ్లు కారయ్యా. పరీక్ష ఉండాదని చెప్పేదానికి నాకు నోరు వస్తుంది. నాకు పాడాలని ఉండాదని చెప్పేదానికి రాదు.