ఎర్రమట్టి కింద నెమలి

అన్నయ్యకు,

అరకు కొండల మీది నుంచి నీ కాళ్ళకు దండం పెట్టి తమ్ముడు సూర్రావు రాస్తున్నాను. కాళ్ళంటే గుర్తొచ్చింది, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? ఇక్కడ అందరం బాగున్నాం. మనవరాలైతే మరీ బాగుంది. ఐదు నెలలకే బోర్లా పడి, తల ఎత్తి, నన్ను చూసి నవ్వుతోంది అన్నయ్యా. అచ్చం అమ్మ నవ్వే. ఎంతమందికి చెప్పినా తనివి తీరడం లేదు. ఇంత సంతోషంలో ఉండి కూడా ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

తల్లి లేని పిల్ల కదా, లక్ష్మికి పురుడు అత్తవారే పోశారు. చూసి వెళ్దామని వచ్చినవాణ్ణి పాపను వదల్లేక ఉండిపోయాను. చలి ఎముకల్లోకి దిగుతుంది. పొద్దున్నే చోడి అంబలి ఇస్తారు, అలవాటైంది. అల్లుడు కాఫీ తోటకీ, లక్ష్మి బడికీ వెళ్ళిపోతే నాతో మాట్లాడేది వియ్యపురాలు సోములమ్మ ఒక్కతే. ఇప్పుడు ఆవిడతోనే చెడింది.

పాపకు పేరు పెట్టిన రోజున వీధివైపు మట్టిగోడ మీద నిలువెత్తు నెమలిని వేశాను. మంచి ఎనామిల్ పెయింటు, ఈక ఈకకూ దారం పట్టి కొలత. మొన్న ఇక్కడ ఏటా చేసే ఇటుకల పండగ ముందు సంతకెళ్ళి వచ్చేసరికి గోడంతా ఎర్రమట్టి. సోములమ్మ మోచేతుల దాకా మట్టి చేసుకుని అలుకుతోంది.

"నా నెమలేదమ్మా?" అన్నాను.

"అడుగునున్నాది అన్నయ్యా, ఎక్కడికీ పోనేదు. పండక్కి గోడ అలకొద్దేటి?"

"ఇరవై ఏళ్ళుండే బొమ్మ అది."

"ఇరవై ఏళ్ళు ఒకే బొమ్మ సూత్తే కళ్ళు ఇసుగెత్తిపోవేటి?"

లక్ష్మి కూడా నవ్వింది. కన్నకూతురు. 

మూడో రోజు గరిటె పట్టుకుని మట్టి గోకాను. నెమలి మెడతో సహా గోడే పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చింది. వెనక అంతా చెమ్మ, చెదలు. సోములమ్మ తడిమి చూసి, "ఈ రంగు కింద గోడకి ఊపిరాడనేదు" అంది. అంతే. నీ తప్పేనని నన్ను అనలేదు. అందుకు ఇంకా మండింది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నెల రోజులు కూర్చుని చేసిన వినాయకుణ్ణి నీ చేత్తోనే నీళ్ళలో వదిలి, "మట్టి మళ్ళీ వత్తాదిరా" అనేవాడివి. నీదంతా నీళ్ళపాలయ్యే పని అని నలుగురిలో అని నేను బోర్డులు రాయడానికి వెళ్ళిపోయాను. ఆనాటి నుంచి చవితికి మీ గడప తొక్కలేదు. బస్టాండు ఎదుట నేను రాసిన కిరాణా కొట్టు బోర్డు ఇప్పటికీ వెలవలేదు అన్నయ్యా. ఆ కొట్టు మూసేసి ఎన్నేళ్ళో అయింది.

కొట్టు బోర్డుకి నిలిచి ఉండాలన్న నా మాటే సరి, అది మాత్రం వదులుకోను. ఇంటి గోడకి నీ మాట సరి. ఈ రెండు మాటలూ ఒక మనిషికే ఉండొచ్చని తెలియడానికి నాకు ఇంత వయసు కావాలా? నీ మీదా కోపమే. తెలిసినవాడివి నవ్వి ఊరుకునే బదులు చెవి మెలేసి చెప్పలేకపోయావా?

పెచ్చూడినచోట సోములమ్మ మళ్ళీ మట్టి మెత్తి, తెల్లసుద్ద గిన్నె నా ముందు పెట్టింది. "ఇప్పటికి నెమలే ఎయ్యి అన్నయ్యా. వచ్చే పండక్కి గుంట మాటలాడతాది. ఏటి కావాలో అదే సెప్తాది." వేశాను. కానీ ఆరేసరికి సుద్ద గీతలు పగిలి రాలిపోతున్నాయి. రంగు నిలవడానికి నువ్వు చింతగింజల జిగురు కాచేవాడివి కదా, ఎంత నీటికి ఎన్ని గింజలో బేగి రాయి.

ఈ చవితికి పాపను తీసుకుని వస్తున్నాం. నీ చేత్తో దాని చేతిలో ఇంత మట్టి పెట్టు. నిమజ్జనానికి నేనూ వస్తాను. నేను ఏడిస్తే నవ్వకు. వదినకు నమస్కారాలు, మీ పిల్లలకు నా దీవెనలు. పాపకు మీ ఇద్దరి ఆశీస్సులు కావాలి.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని నీ తమ్ముడు
సూర్రావు

జిగురు మరీ గట్టిది చెప్పకు. వచ్చే పండగ దాకా నిలిస్తే చాలు.